థాంక్స్ చెప్పకూడని మొక్క

పొయ్యి మీద కాఫీ పొంగుకొస్తూండగానే వెర్నీస్ కత్తెర పట్టుకుని వరండా మెట్లు దిగింది. మార్చి మొదటి రోజులు. లోయలో పొగమంచు ఇంకా విడలేదు. వరండా ముందున్న పొదల మీద నిరుటి పువ్వులు ఎండి, నలిపి పారేసిన కాగితపు ఉండల్లా వేలాడుతున్నాయి.

పట్నంలో పువ్వుల కొట్టువాళ్లు దాన్ని హైడ్రాంజియా అంటారు గానీ, ఆ కెంటకీ కొండల్లో పుట్టిపెరిగిన వాళ్లెవరూ ఆ పేరుతో పిలవరు. కాడ మీద బెరడు పొర కింద పొరగా ఊడివస్తుంది కాబట్టి వాళ్లకది ఏడుపొరల మొక్క. ఏటా చలి వెళ్లేముందు వెర్నీస్ దాన్ని మోకాలెత్తుకు నరికేస్తుంది. తెలియనివాళ్లు చూస్తే ఈవిడకు మొక్కల మీద ఇంత కక్షేమిటా అనుకుంటారు. కానీ అది కొత్త కొమ్మకే పూస్తుంది. పాత కొమ్మను ముద్దుచేస్తే పువ్వు చిన్నదైపోతుంది. ఈ మాట వాళ్ల అమ్మ చెప్పింది. ఆ మొక్క కూడా వాళ్ల అమ్మదే.

మూడో పొద వెనక్కి వెళ్లేసరికి ఆమె కాలు కాస్త దిగబడింది. వంగి చూసింది. మట్టి వదులుగా ఉంది. పైన ఎండుటాకులు పరిచి ఉన్నాయి, గాలికి రాలినట్టు కాదు, దుప్పటి కప్పినట్టు. ఆకులు పక్కకు తీస్తే కింద పారతో తెగిన వేరు తెల్లగా కనిపించింది. ఎవరో మంచి పిలకను వేళ్లతో సహా తవ్వుకుపోయారు.

"హోబార్ట్! ఇలా రా!"

ఆమె భర్త కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చాడు. బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒళ్లు పెద్దది, గొంతు చిన్నది. "ఏమైంది?"

"నా మొక్క పిలక ఎవరో తవ్వుకుపోయారు."

"పందికొక్కయి ఉంటుందిలే."

"పందికొక్కు తవ్వి, గొయ్యి పూడ్చి, మీద ఆకులు కప్పి పోతుందా? పోతూపోతూ కాళ్లు కూడా కడుక్కుని పోయిందేమో, చూడకపోయావా!"

"ఈ మధ్య వాటికీ తెలివి పెరిగిందే," అంటూ హోబార్ట్ లోపలికి తప్పుకున్నాడు.

అదే ఆమెకు గుచ్చుకుంది. చిక్కుడుపాదు దగ్గర జింక అడుగు కనిపిస్తే తుపాకీ పట్టుకుని తెల్లవార్లూ కూర్చునే మనిషి, గొయ్యి చూడటానికి మెట్టు కూడా దిగలేదు. వెర్నీస్ సరాసరి సామాన్ల కొట్టంలోకి వెళ్లింది. పార మేకుకు వేలాడుతోంది. తళతళా కడిగి ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ హోబార్ట్ పార కడగగా ఆమె చూసి ఎరగదు.

ఆ రోజు ఆమె ఏమీ అనలేదు. అంటే అబద్ధం ఇంకోటి పుడుతుంది, ఊరుకుంటే అదే బయటపడుతుంది అనుకుంది.

ఆ కొండల్లో మొక్కల సంగతిలో రెండు కట్టుబాట్లున్నాయి. ఒకరు మొక్క ఇస్తే థాంక్స్ చెప్పకూడదు. చెప్తే అది బతకదు. తీసుకున్నవాళ్లు మొహం అటు తిప్పుకుని వాన గురించో కోడిపిల్లల గురించో మాట్లాడాలి. రెండోది, అడిగి తెచ్చుకున్న మొక్క కంటే దొంగిలించి తెచ్చుకున్నది మూడింతలు పెరుగుతుంది. అందుకని అక్కడి ఆడవాళ్లు పేరంటానికి వచ్చినప్పుడు చేతిసంచీలో చిన్న కత్తి పెట్టుకుని వస్తారు. ఇంటావిడ కూడా చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్లిపోతుంది.

కొన్నేళ్ల కిందట వెర్నీస్ కూతురు ట్వైలా పెళ్లినాడు ఇందులో మొదటి కట్టుబాటే కొంప ముంచింది. అల్లుడు రెనాల్డ్‌ది కరోలినా సముద్రతీరం. పెంపకం మంచిది, అదే వచ్చిన చిక్కు. చర్చి ముందు బంధువులందరూ చూస్తూండగా వెర్నీస్ ఏడుపొరల మొక్క పిలకను తడిగుడ్డలో చుట్టి అతని చేతిలో పెట్టింది. అతను టోపీ తీసి, తల వంచి, "చాలా థాంక్సండీ అమ్మగారూ," అన్నాడు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. వాళ్లు సముద్రతీరానికి వెళ్లిపోయిన కొద్దివారాలకు మొక్క చచ్చిపోయిందని ట్వైలా ఫోన్‌లో చెప్పింది.

"ప్రాణమున్న మొక్కనిస్తే చంపుకున్నాడు. రేపు నీ గతేమిటి?" అంది వెర్నీస్. అనకూడని మాట అని నోరు జారాక తెలిసింది. కానీ వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు. ట్వైలా ఫోన్ పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు. "కనిపెంచిన తల్లికంటే వాడెక్కువైతే దాని పేరు నా ఇంట్లో ఎవరూ ఎత్తొద్దు. నా పెరట్లోంచి ఒక్క పుల్ల కూడా ఆ ఇంటికి పోకూడదు," అని వెర్నీస్ మొగుడికి చెప్పింది, చుట్టాలకు చెప్పింది, చర్చిలో పక్కన కూర్చునే ఓపల్‌కు చెప్పింది. ఆమె కోపం అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

అలా కూతురు దూరమైంది. ఇంట్లో మిగిలింది హోబార్ట్ ఒక్కడే. ఇప్పుడు అతనూ చేజారిపోతే ఆ పెద్ద ఇంట్లో తను ఎవరి మీద అరుస్తుంది? ఈ భయం ఆమె పైకి ఒప్పుకోలేదు గానీ రోజూ అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చేది.

అనుమానం కూడా ఆ మొక్క బెరడు లాంటిదే. ఒక పొర ఊడితే కింద ఇంకోటి ఉంటుంది. గురువారం గురువారం హోబార్ట్ తన పాత బండి వేసుకుని కోళ్ల దాణాకని వెళ్లేవాడు. వెళ్లడం పొద్దున్నే, రావడం సూర్యుడు కొండ వెనక్కి దిగాక. ఉన్న కోళ్లు గుప్పెడు. వచ్చాక చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె ముందు పెడితే కోడి గింజలు ఏరుకున్నట్టు తినేవాడు.

"ఏం, ఆకలి లేదా?"

"దాణా కొట్లో ఏదో పెట్టారు."

"దాణా కొట్లో మనుషులకు కూడా దాణా పెడుతున్నారా?"

హోబార్ట్ రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

మే నెలలో చొక్కా ఉతుకుతూంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండో బొత్తాం నీలంరంగు దారంతో కుట్టి ఉంది. ఆమె కుట్టుపెట్టెలో నల్లది, తెల్లది, గోధుమరంగు తప్ప ఇంకో దారం లేదు. కుట్టు చూస్తే పొందిగ్గా ఉంది. కింద మెడలా దారం చుట్టి మరీ కుట్టారు. మగవాడు కుట్టుకున్నది కాదు. దాణా కొట్టువాడు కుట్టినది అంతకంటే కాదు. బాగా దగ్గరగా నిలబడితే గానీ ఒంటి మీదున్న చొక్కాకు బొత్తాం కుట్టలేరు అని ఆమెకు తోచింది. ఆ తడి చొక్కా ఒళ్లో పెట్టుకుని అక్కడే బల్ల మీద చతికిలబడింది.

జూన్ వచ్చింది. పొదలు నడుమెత్తు పెరిగి తెల్లగా విరబూశాయి. ఓపల్ ఊరగాయ సీసాలు తిరిగివ్వడానికి వచ్చి, వరండాలో ఊగుడుకుర్చీలో కూలబడి, పువ్వులవైపు చూస్తూ అంది. "ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఏడు నీకంటే కొండవతల పావురాల వాగు దగ్గరే బాగా పూసింది."

చిక్కుడుకాయలు విరుస్తున్న వెర్నీస్ చెయ్యి ఆగిపోయింది. "అక్కడ ఎవరింట్లో?"

"పసుపురంగు ఇల్లు లేదూ, జువనెల్ వాళ్ల ఇంటి..."

"జువనెల్!"

"పూర్తిగా వినవే తల్లీ..."

"ఇంకేం వినాలి? చదువుకునే రోజుల్లోనే హోబార్ట్ దాని పుస్తకాలు మోసేవాడు. పోయినేడు దాని మొగుడు పోయాడు. నా అమ్మ మొక్క దాని గుమ్మంలో పూసిందంటే ఇంకా వినడానికేముంది?"

ఓపల్ నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. "అది కాదే. అక్కడ ఉంటున్నది... ఇదిగో చూడు, ఆ పేరు ఎత్తితే నువ్వు నన్ను ఈ మెట్ల మీంచి దొర్లిస్తావు."

"ఆ పేరు నువ్వెత్తక్కర్లేదు. నేనే ఎత్తాను కదా, జువనెల్ అని!"

ఓపల్ ఆమెను ఎగాదిగా చూసి, నిట్టూర్చి, సీసాలు అక్కడ పెట్టి వెళ్లిపోయింది. దేవుడు కళ్లిచ్చినా కొందరు చెవులతోనే చూస్తారు అనుకుంటూ పోయుంటుంది పాపం.

ఆ శనివారం రాత్రి కుండపోతగా వాన కురిసింది. ఆదివారం పొద్దున హోబార్ట్ పొట్ట పట్టుకుని మంచం అంచున కూర్చున్నాడు. "కడుపులో బాగాలేదు. చర్చికి నువ్వెళ్లు."

"ఏం తిన్నావని?"

"నువ్వు పెట్టిందే."

"అయితే నాకెందుకు రాలేదు?"

"ఎవరి కడుపు వాళ్లది కదా వెర్నీస్."

ఆమె ఆదివారం గౌను వేసుకుంది, నైలాన్ మేజోళ్లు తొడుక్కుంది, మడమల చెప్పులు వేసుకుంది. కారు తీస్తూ కిటికీలోంచి చూస్తే, కడుపునొప్పి మనిషి తాడు చుట్ట చంకలో పెట్టుకుని కొట్టంలోంచి బయటికొస్తున్నాడు.

చర్చిలో పాట మొదలైంది గానీ ఆమె పాటల పుస్తకం కూడా తెరవలేదు. పాదిరిగారు ఆ రోజు పొరుగువారి వస్తువును ఆశించకూడదని చెప్తున్నారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే జువనెల్ భుజాలు తడుముకుంటుందేమో చూద్దామని వెర్నీస్ వెనక్కి తిరిగింది. జువనెల్ వరసలో చోటు ఖాళీగా ఉంది. అంతే. వెర్నీస్ చేతిసంచీ తీసుకుని, అందరి మోకాళ్లూ తొక్కుకుంటూ బయటికొచ్చేసింది.

పావురాల వాగు దారి పొడుగునా ఆమె మాటలు కూడబలుక్కుంది. అరవకూడదు, ఏడవకూడదు, ఒక్కటే అడగాలి, నాలో ఏం తక్కువైందని? పసుపురంగు ఇంటి ముందు హోబార్ట్ బండి ఆగి ఉంది. అది చూసేసరికి కూడబలుక్కున్న మాటలన్నీ వాన నీటిలో కొట్టుకుపోయాయి.

ఇంటి ముందంతా ఏడుపొరల మొక్కలే. రాత్రి వానకు తడిసి బరువెక్కి, పువ్వులన్నీ తలలు వాల్చి బురదలో పడి ఉన్నాయి. వాటి మధ్య హోబార్ట్ మోకాళ్ల మీద కూర్చుని తాడు విప్పుతున్నాడు. పక్కన పెద్ద గడ్డిటోపీ పెట్టుకున్న ఆడమనిషి, వీపు ఇటువైపు, పడిపోయిన పువ్వును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఏదో అంటోంది. హోబార్ట్ పకపకా నవ్వుతున్నాడు. ఇంట్లో ఆ నవ్వు విని ఆమెకు ఎన్నాళ్లయిందో.

"నవ్వండి! నవ్వండి!" వెర్నీస్ కారు తలుపు కూడా వెయ్యకుండా గేటు తోసుకొచ్చింది. "నా మొక్కలు దోచుకొచ్చి ఈవిడ గుమ్మంలో పెట్టి, కడుపునొప్పని నాకు చెప్పి... జువనెల్! నీ మొగుడి సమాధి మీద గడ్డయినా సరిగ్గా మొలవలేదే, అప్పుడే ఇంకొకరి మొగుడికి బొత్తాలు కుడుతున్నావా?"

హోబార్ట్ నవ్వు ఆగిపోయింది. ఆడమనిషి మెల్లగా లేచి, టోపీ తీసి, ఇటు తిరిగింది.

"జువనెల్ ఇల్లు ఆ పైనుందమ్మా," అంది ట్వైలా. "ఆవిడ చెల్లెలి ఊరెళ్లింది."

వెర్నీస్ నోరు తెరుచుకునే ఉంది. కూతురి మొహం కాస్త చిక్కింది. నీలం గౌను వేసుకుంది. చిన్నప్పట్నుంచీ దానికి నీలమంటే పిచ్చి. నీలం దారం ఎక్కడిదో అప్పుడు తట్టింది.

"నువ్వా... ఎప్పుడొచ్చారు?"

"మేమొచ్చి రెండేళ్లు దాటింది."

"ఊళ్లో ఎవరికైనా తెలుసా?"

"నీకు తప్ప అందరికీ."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. చర్చిలో పక్కనే కూర్చుని పాడిన వాళ్లందరికీ తెలుసు. ఓపల్‌కు తెలుసు. తన కూతురు కొండకవతలే ఉందని తెలిసి కూడా తన కోపానికి జడిసి అందరూ నోళ్లు కుట్టుకున్నారు.

ఆమె మొగుడివైపు తిరిగింది. ఎవరో ఒకరి మీద పడకపోతే నిలబడలేదు మరి. "నాతో అబద్ధమాడావు!"

హోబార్ట్ బురద చేతులు పాంటుకు తుడుచుకుంటూ లేచాడు. చిన్న గొంతుతోనే అన్నాడు. "పేరెత్తొద్దన్నావు. ఎత్తలేదు. నీ పెరట్లోంచి ఇవ్వొద్దన్నావు. ఇవ్వలేదు. ఏటా ఒక్కో పిలకా దొంగతనం చేశాను. పందికొక్కు మాటా, దాణా కొట్టు మాటా, ఈ రెండే అబద్ధం. కడుపునొప్పి నిజమే. నువ్వు తెలుసుకుంటావేమోనని రెండేళ్లుగా నొప్పిగానే ఉంది."

"నాన్న మీద కూడా అనుమానపడ్డావు చూడు," అంది ట్వైలా. "నీకు ఎప్పుడూ ఎవరో ఒకరు దొంగ కావాలమ్మా. ముందు రెనాల్డ్, ఇప్పుడు నాన్న. మా ఆయన నీ మొక్కను చంపాడన్నావు. అది వాడిపోతుంటే ఎండలో గొడుగు పట్టుకుని కూర్చున్నాడని నీకు తెలుసా? తెలుసుకోవాలని అడిగావా?"

గడప మీద రెనాల్డ్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. అత్తగారిని చూసి అలవాటుగా టోపీ తియ్యబోయాడు. తలమీద టోపీ లేదు. ఖాళీ చెయ్యి దించుకున్నాడు.

"నేనే చంపానమ్మగారూ," అన్నాడు. "మా సముద్రం ఒడ్డున ఇలాంటి పువ్వు మొక్క మొదట్లో తుప్పు మేకులు పాతి, పులుపు పోస్తే నీలంగా మారుతుంది. ట్వైలాకు నీలమిష్టం కదా, మీకు ఫోటో పంపుదామని సీసాలకు సీసాలు వెనిగర్ పోశాను. ఇది ఏం పోసినా తెల్లగానే పూసే జాతని నాకెవరూ చెప్పలేదు."

"నువ్వు థాంక్స్ చెప్పబట్టి చచ్చిందనుకున్నాను," అంది వెర్నీస్, తనలో తను అనుకున్నట్టు మెల్లగా.

"అదీ చేశాను కదండీ. రెండు తప్పులూ నావే."

హోబార్ట్ గొంతు సవరించుకున్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడని వెర్నీస్‌కు తెలుసు. ట్వైలా మాత్రం నవ్వలేదు. మళ్లీ వంగి, ఏమీ జరగనట్టు, తండ్రి వదిలేసిన తాడు అందుకుని పొద చుట్టూ బిగించబోయింది.

"ఆగు!" వెర్నీస్ అరిచింది. "ఆ ముతక తాడుతో కడతారా ఎవరైనా? కాడ కోసుకుపోదూ! ఇన్నాళ్లు నా ఇంట్లో పెరిగి నేర్చుకున్నది ఇదేనా?"

"ఇంట్లో పాత మేజోళ్లు లేవు," అంది ట్వైలా తల ఎత్తకుండా. "ఉన్నవన్నీ వాడేశాను."

వెర్నీస్ ఆ పువ్వులవైపు చూసింది. వాళ్ల అమ్మ ఇంటి ముందు పూసిన పువ్వులు, తన ఇంటి ముందు పూసిన పువ్వులు, ఇక్కడ మొహాలు మట్టికి ఆనించి పడున్నాయి. ఎంత కోపంలో ఉన్నా అది మాత్రం ఆమె చూడలేకపోయింది.

"మగాళ్లిద్దరూ మొహాలు అటు తిప్పండి," అంది.

"ఎందుకూ?" అన్నాడు హోబార్ట్.

"తిప్పమన్నానా!"

ఇద్దరూ గోడవైపు తిరిగారు. వెర్నీస్ కారుకు ఆనుకుని చెప్పులు విడిచి, ఆదివారం మేజోళ్లు రెండూ లాగేసింది. కత్తెర కోసం చెయ్యి చాపింది. ట్వైలా ఒక్క క్షణం ఆగి, జేబులోంచి తీసి ఇచ్చింది. వెర్నీస్ వాటిని పట్టీలుగా కత్తిరించి, ఒట్టి కాళ్లతో బురదలో కూర్చుంది. కూతురు కాడ ఎత్తి పట్టుకుంటే తల్లి ఎనిమిది అంకెలా వదులు ముడి వేసింది. రెండో కాడకు ట్వైలా తనే ముడి వేసింది. అదే ముడి. బిగువు లేకుండా, జారకుండా. ఆరేళ్ల పిల్లప్పుడు బూట్ల తాళ్ల మీద నేర్పిన ముడి.

అది చూసేసరికి వెర్నీస్‌కు ఇక ఆగలేదు. "మొక్క పోతే పోయిందే. మొక్క గురించి కాదు నేనన్నది. నువ్వంత దూరం పోయావు. అక్కడ నీకేమన్నా అయితే నాకెవరు చెప్తారని భయమేసింది. భయపడ్డానని చెప్పలేక తిట్టాను," అని బురద చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

ట్వైలా ఆమె భుజానికి నుదురు ఆనించి తనూ ఏడ్చింది. గోడవైపు తిరిగిన మగాళ్లిద్దరూ, మళ్లీ ఇటు తిరగమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అలాగే నిలబడి ఉన్నారు. హోబార్ట్ మాత్రం చేతిరుమాలు తీసి గట్టిగా చీదాడు.

పొదలన్నీ కట్టడం పూర్తయ్యేసరికి ఎండ వచ్చింది. వెర్నీస్ లేచి చెప్పులు చేత్తో పట్టుకుంది. "వెనక వరసలో ఖాళీ ఉంది. వచ్చే మార్చిలో ఇంకో రెండు పిలకలు పడతాయి. మా ఇంట్లో ఎడమపక్క పొదకు బలమైనవి వస్తాయి."

రెనాల్డ్ మొహం వెలిగిపోయింది. నోరు తెరిచాడు. "చాలా..."

"వద్దు!" ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

రెనాల్డ్ చటుక్కున నోరు మూసుకున్నాడు. కొండవైపు చూశాడు. "రాత్రి... వాన బాగా పడిందండీ," అన్నాడు.

"అవును నాయనా," అంది వెర్నీస్ కళ్లు తుడుచుకుంటూ. "బాగా పడింది."

మళ్లీ మార్చి వచ్చింది. ఆ పొద్దున వెర్నీస్ పొదలు కత్తిరించి లోపలికి వచ్చింది. ఎడమపక్క పొద దగ్గర పార తనే ఆనించి వచ్చింది. బండి చప్పుడు, గేటు చప్పుడు వినిపించాయి. ఎవరో ఉష్, ఉష్ అని ఇంకొకరిని హెచ్చరిస్తున్నారు. ఆమె కిటికీకి వీపు పెట్టి పొయ్యి దగ్గర నిలబడి, వేపుడు మాడకుండా కలుపుతోంది. బల్ల మీద నాలుగు కంచాలు పెట్టి ఉన్నాయి.

"వెర్నీస్, పెరట్లో ఏదో చప్పుడవుతోందే," అన్నాడు హోబార్ట్ కుర్చీలోంచి, మొహం గంభీరంగా పెట్టి.

"పందికొక్కయి ఉంటుందిలే," అంది ఆమె. కళ్లు చెమర్చాయి. మట్టిలో పార దిగుతున్న చప్పుడు ఆగేదాకా వెనక్కి తిరగలేదు.